ఎంగిలి గ్లాసు

2084 నాటికి విశాఖలో పెళ్లిచూపులకు వెళ్లినవాళ్లు ఖాళీ చేతులతో తిరిగిరావడం మానేశారు. ఒక చెంచానో, ఒక తలవెంట్రుకో సంచిలో పడేసుకుని వస్తారు. సాన్విగారు ఏకంగా స్టీలు గ్లాసే తెచ్చారు. బాల్కనీలో తన కొడుకు ధీమంత్‌తో మాట్లాడుతుండగా పెళ్లికూతురు మేదిని చేతిలో ఉన్న మంచినీళ్ల గ్లాసది.

వంటింట్లో మిక్సీ పక్కన జన్యుదర్శిని ఉంటుంది. పిడికెడంత పెట్టె. ఎంగిలి తగిలిన వస్తువేదైనా దానికి ఆనిస్తే చాలు, డీఎన్ఏ చదివి రాబోయే రోగాల చిట్టా విప్పుతుంది. ఇంట్లో అందరూ దానికి ఉమ్మి ఇచ్చినవాళ్లే, ధీమంత్ తప్ప. అతను అండమాన్‌కు సముద్రగర్భ రైలు నడుపుతాడు. "నా ఉమ్మి నా నోట్లోనే ఉండనీ అమ్మా. ఏ జబ్బో ఉందంటే లైసెన్సు లాగేస్తారు," అనేవాడు.

"ఎవరి నమూనా?" అడిగింది పెట్టె.

"మేదినిది. కాబోయే కోడలు."

"వారి అనుమతి ఉందా?"

"ఆఁ, ఉందుంది."

పది నిమిషాలకు ఫలితం వచ్చింది. "నలభై దాటాక నరాలు పట్టు తప్పే జబ్బు వచ్చే అవకాశం అరవై రెండు శాతం. ఇది అంచనా మాత్రమే, రోగనిర్ధారణ కాదు. మేదిని అని మీరు చెప్పిందే రాశాను."

"చాల్లే నీ సోది!" సాన్విగారికి ఒళ్లు మండిపోయింది. సంబంధం వద్దని ఊరుకుంటే సరిపోయేది. కానీ ఇంత రోగం దాచిపెట్టి పిల్లను అంటగడదామనుకున్నారే, నలుగురికీ తెలియొద్దూ?

"చుట్టాలందరికీ పంపు. పనిచేసే చోటికి కూడా."

"పేరు ప్రకారమా, రక్తం ప్రకారమా?"

"రక్తం ప్రకారమే. పేర్లదేముంది, మార్చుకుంటారు. రక్తం మారుద్దా?"

మొదటి సందేశం సాన్విగారి మణికట్టు తెర మీదే మోగింది. వెంటనే అనకాపల్లి నుంచి చెల్లెలు ఫోను. "అక్కా, ఏటిది? మనింట్లో ఎవరికే ఈ జబ్బు?"

సాన్విగారు పెట్టె వైపు తిరిగారు. "ఎవరికి పంపావే?"

"మీరూ మీవారూ ఇచ్చిన నమూనాలతో పోల్చాను. ఇది మీ కొడుకుది. మీకున్నది ఒక్కడే కనుక రైల్వేకూ పంపాను."

తలుపు తోసుకుని ధీమంత్ వచ్చాడు. డ్యూటీకి బయల్దేరినవాడు గేటు దాటకుండానే వెనక్కి తిరిగాడు. అతని మణికట్టు మీద ఎర్రక్షరాలు: లైసెన్సు నిలిపివేత. బల్ల మీద గ్లాసు చూడగానే అతనికి అంతా అర్థమైంది.

"మేదిని ఎత్తి పోసుకుని తాగిందమ్మా, పెదవి కూడా తగలనివ్వలేదు. నాకు పొలమారితే మిగిలిన నీళ్లు ఇచ్చింది. ఎంగిలి చేసింది నేనే."

"చెరిపెయ్! అంతా చెరిపెయ్!" సాన్విగారు పెట్టె మీద విరుచుకుపడ్డారు.

"చెరపాలంటే నమూనా యజమాని అడగాలి," అంది పెట్టె. "ధీమంత్‌గారూ, అది మీరేనని రుజువుకు కాస్త ఉమ్మి ఇవ్వండి."

అతను పెదవులు బిగించాడు.

సాన్విగారు అదే గ్లాసు తీసి కొడుకు మూతి దగ్గర పెట్టారు.

"ఉమ్మరా నాన్నా," అన్నారు.