థనాసీ గదిలో ఎడమ మూల

ఎడారిలో గనుల ఊరు కూబర్ పీడీలో థనాసీ ఇంటి సినిమా గది ఉంది చూశారూ... అందులో వెనక ఎడమ మూలకి వీపు పెట్టి కూర్చునే మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. పాముని పట్టి జేబులో వేసుకునేవాళ్ళు, పాతాళమంత గోతిలోకి తాడు లేకుండా దిగేవాళ్ళు కూడా ఆ గుమ్మం దగ్గరే ఆగి, "బయటే హాయిగా ఉందిలే" అంటారు. బయటేమో బల్లులు నీడ కోసం కొట్టుకు చస్తుంటాయి.

ఆ ఊళ్ళో ఇల్లంటే కొండలోకి తొలిచిన గుహే. కిటికీలుండవు. దీపం ఆర్పితే మిట్టమధ్యాహ్నమే అమావాస్య.

థనాసీ ఓపల్ అనే ఖరీదైన రంగు రాయిని వాసన బట్టి కనిపెడతాడని పేరు. ఒక్క వేసవిలో కుబేరుడయ్యాడు. అదే వేసవిలో, గోడ అవతలి గనిలో యోసిప్... రోజూ సాయంత్రం వాడితో కలిసి కాఫీ తాగే యోసిప్... తవ్వీ తవ్వీ ఒక్క రంగు రాయీ చూడలేదు. మూడు దెబ్బలు, ఒక దగ్గు. అదీ అతని పని తీరు. "రేపు తగులుతుందే నెవెంకా, రేపు" అని పెళ్ళానికి చెబుతూ చెబుతూ, గనిలోనే గుండె ఆగి పోయాడు. చేతిలో పలుగు బిగుసుకుపోయింది. పహిల్వాన్లు పట్టి లాగినా ఊడి రాలేదట.

ఎక్కడ తగులుతుంది? ఆ రాళ్ళన్నీ అప్పటికే థనాసీ మంచం కింద ఉన్నాయి.

తన గోడలోంచి యోసిప్ గనిలోకి దొంగ కన్నం తవ్వాడు థనాసీ. అలాంటివాణ్ని అక్కడ ఎలుక అంటారు. దొరికిన ఎలుకని ఆ ఊళ్ళో ఎవరూ పలకరించరు. దాహంతో చస్తున్నా నీళ్ళు పొయ్యరు.

అందుకే కన్నాన్ని అవతలి కొసన రాళ్ళతో పూడ్చాడు. ఇవతలి కొసకి గచ్చు పూసి, దాని మీద కొత్త స్పీకరు బిగించాడు. చుట్టూ ఐదు స్పీకర్లు, కింద ఓ బేస్ పెట్టె. వాడు యుద్ధం సినిమా పెడితే ఎడారిలో ఈమూ పక్షులు బారులు తీరి లొంగిపోయేవి.

అంతా బాగానే ఉంది. ఓ వారం నుంచే...

టక్. టక్. టక్. ఆగి... ఒక దగ్గు.

వెనక ఎడమ మూల నుంచి.

"విన్నావా?" అన్నాడు గుసగుసగా.

"విన్నాను. అంత పోసి కొన్నావు, స్పీకరుకి జలుబు చేసింది," అంది భార్య ఫోతిని. కన్నం సంగతి ఆవిడకీ తెలియదు. "చూస్తావా, ఆ మూలకి కషాయం కాచి పెట్టమంటావా?"

శనివారం మధ్యాహ్నం థనాసీ స్టూలెక్కాడు. ఎడమ స్పీకరు కుడికి, కుడిది ఎడమకి మార్చాడు. జబ్బు స్పీకరుదైతే దాంతోపాటే కుడి మూలకి పోవాలి కదా.

టక్. టక్. టక్.

ఎడమ మూలే.

తీగ మార్చాడు. ఎడమ మూలే. ఆంప్లిఫయరు వెనక పిన్నులన్నీ పీకి, తుడిచి, మళ్ళీ గుచ్చి, పరీక్ష శబ్దం పెట్టాడు. వాన జల్లు లాంటి చప్పుడు ముందు ఎడమలో పలికింది. మధ్యలో... ముందు కుడిలో... వెనక కుడిలో...

వెనక ఎడమ వంతు వచ్చింది.

జల్లు రాలేదు. దగ్గు వచ్చింది.

థనాసీ ఆంప్లిఫయరు ప్లగ్గే లాగేశాడు.

టక్. టక్. టక్.

"స్పీకరు కాదే," అన్నాడు. "గోడ."

"గోడలో ఏముందయ్యా?"

అంతలో గోడ గుర్రుమంది. గచ్చు పెళ్ళలు రాలాయి. స్పీకరు ఊగి, ఊడి, వాడి కాళ్ళ దగ్గర పడింది. వెనక కన్నం. కన్నంలో దీపం. దీపం కింద, ఎర్రదుమ్ములో కళ్ళు మాత్రమే కనబడుతున్న ముఖం.

థనాసీ రెండు చేతులూ జోడించాడు. "యోసిప్... నీ రాళ్ళు నేనే తీశాను. అన్నీ నేనే. నన్నొదిలెయ్యి."

"యోసిప్ కాదన్నా," అంది ముఖం. "నెవెంకాని."

ఆమె వెనక గని పెద్దలు. ఒక్కొక్కరే కన్నంలోంచి దిగారు. అందరూ విన్నారు.

"నిన్న మా ఆయన చోట దీపం పెడదామని గనిలోకి దిగాను," అంది నెవెంకా. "గట్టి రాయి లోపల గుర్రాలు పరిగెడుతున్నాయి, తుపాకులు పేలుతున్నాయి, ఎవరో ముద్దులు కూడా పెట్టుకుంటున్నారు. రాతికి ఇంత సరదా ఏమిటా అని చెవి పెట్టాను. పెద్దల్ని పిలుచుకొచ్చి, ఆ చప్పుడొచ్చిన చోటే తవ్వాను. ఎంత బాగా పలుకుతుందన్నా నీ స్పీకరు."

ఫోతిని మొగుడి వైపు ఒక్క చూపు చూసి, వెళ్ళి నెవెంకా పక్కన నిలబడింది.

"పట్టుకున్నావు, సరే," అన్నాడు థనాసీ. "వారం నుంచి ఆ పలుగు దెబ్బలతో నన్ను చంపుకు తినడం దేనికి?"

నెవెంకా తన చేతిలోని తవ్వుడు యంత్రం వైపు చూసుకుంది.

"పలుగేమిటి? ఇవాళ పొద్దున్నేగా దిగాం, ఇదిగో, ఈ యంత్రంతో. పలుగు ఆయనతోనే పూడ్చిపెట్టాం కదన్నా. చేతిలోంచి రాలేదుగా."

ఎవరూ కదల్లేదు. పీకేసిన ప్లగ్గు నేల మీదే ఉంది.

టక్.

ఈసారి వెనక కుడి మూల నుంచి.

టక్... ముందు కుడి. టక్... మధ్య. ముందు ఎడమ మీదుగా గది చుట్టూ తిరిగి వస్తోంది.

దగ్గు మాత్రం సరిగ్గా థనాసీ వీపు వెనక.