లోయ సొత్తు

కొండల నడుమ ఉన్న నవ్యపురి రాజ్యంలో పాత వస్తువన్నది కంటికి కనిపించేది కాదు. కుండ బీటవారినా, బట్ట చిరిగినా, కుర్చీ కాలు ఊగినా, పొద్దుగూకేలోగా ఉత్తరద్వారం అవతలి లోయలోకి విసిరేయాలి. బాగుచేసుకుని వాడుకుంటే శిక్ష. ‘విరిగినదంతా లోయ సొత్తు’ అని విజయకేతు మహారాజు ఆ ద్వారం మీద చెక్కించాడు. అడవులు తరిగిపోయినా, గనులు అడుగంటినా, వీధులు మాత్రం తళతళలాడేవి.

ఒక ఉదయం యువరాజు సుదంతుడు చెట్టు మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వాడింకా పాలపళ్ళు ఊడని పసివాడు. వైద్యుడు వెదురుబద్దలు అందుకునేలోపే నల్లటి సుడిగాలి లోపలికి దూసుకొచ్చి పిల్లవాణ్ణి ఎత్తుకుపోయింది. పోతూ పోతూ, “విరిగింది గదా, మరి నాదే” అంది.

రాజు చెక్కించిన మాటే ఆయన కొడుకును పట్టుకుపోయింది. సైన్యాన్ని పంపమని రాణి వేడుకుంటే మంత్రి గుణవర్మ తల దించుకున్నాడు.

“శాసనం ప్రకారం అది న్యాయమే, అమ్మగారూ. ఏమని యుద్ధం చేస్తాం?”

“యుద్ధం మీ పని. నేను తమ్ముణ్ణి తెచ్చుకోవడానికి వెళ్తున్నాను,” అని యువరాణి వకుళ లోయదారి పట్టింది.

లోయ మొదట్లో పొగలు కక్కే పాము ఒకటి దారికి అడ్డంగా పడుకుని ఉంది. “ఏం పారేయడానికి వచ్చావు?” అని ఆవులించింది.

“ఏమీ లేదు. తీసుకుపోవడానికి వచ్చాను.”

పాము పడగ ఎత్తింది. “తీసుకుపోవడానికా? నేను పుట్టాక ఆ మాట వినలేదు.” ఆ ఆశ్చర్యంలోనే పక్కకు జరిగి దారి ఇచ్చింది.

కొంతదూరం వెళ్ళాక వకుళ చెప్పు వారు తెగింది. అలవాటు కొద్దీ రెండో ఆలోచన లేకుండా చెప్పును ఎదురుగా ఉన్న చెత్తగుట్టలోకి విసిరింది. వెంటనే ఆ గుట్ట కదిలి, లేచి నిలబడింది. దాని రొమ్ము పాత తలుపులు, వేళ్ళు రాట్నం కదుళ్ళు, ముఖం సొట్టలు పడ్డ ఇత్తడి గంగాళం. ఇప్పుడే పడ్డ చెప్పు దాని భుజానికి అతుక్కుంది. వకుళ ఆ చెప్పు వైపే చూసింది. ఇంత పెద్ద రాక్షసుణ్ణి పెంచినవాళ్ళలో తానూ ఒకతె.

“నా పేరు శకలుడు,” అన్నాడు రాక్షసుడు. “ఒళ్ళు మోయలేక చస్తుంటే నువ్వొకటి తగిలించావా, తల్లీ?”

“అక్కా!” అని వినిపించింది. శకలుడి పాదాల దగ్గర, చిరిగిన బొంతలో సుదంతుడు పడుకుని ఉన్నాడు. కాలికి రెండు చెక్కముక్కలు ఆనించి, చీరపీలికతో పొందికగా కట్టి ఉంది.

“ఇది ఎవరు కట్టారు?” అంది వకుళ.

“ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోనా? దొరికినవాటితో కట్టాను,” అన్నాడు శకలుడు మొహమాటంగా. “వీణ్ణి తెచ్చిన సుడిగాలి నా ఊపిరే. కానీ వదలలేను. శాసనం నన్నూ కట్టేసింది. విరిగినది మళ్ళీ పనికొస్తుందని నీ చేతులతో చూపించు. నా పట్టు దానంతటదే సడలుతుంది.”

వకుళ ఎన్నడూ సూదిలో దారమైనా ఎక్కించి ఎరుగదు. బండి చేద్దామని బీటవారిన చక్రాలు ఏరి ఇరుసుకు తొడిగితే ఊడిపోయాయి. తాడు బిగిస్తే తెగింది. అరచేతులు బొబ్బలెక్కాయి.

“ఆ తలుపు ఇస్తావా?” అని ఆమె చివరికి రాక్షసుడి రొమ్ము వైపు చూపింది.

శకలుడు తలుపు ఊడదీసి ఇచ్చి హాయిగా ఊపిరి పీల్చాడు. “ఎన్నాళ్ళకు గాలి తగిలింది!”

పీలికలు పేని తాడు చేసి, తలుపును చక్రాలకు బిగించి, తమ్ముణ్ణి దానిమీద పడుకోబెట్టి లాగింది. బండి కిర్రుమంటూ కదిలింది. వాణ్ణి ఏ గాలీ వెనక్కు లాగలేదు.

“అక్కా, నీ బండి మేకలా అరుస్తోంది.”

“నోరు మూసుకుని పడుకో, లేకపోతే దింపేస్తా.”

ఉత్తరద్వారం దగ్గర కాపలాదారులు ఈటెలు అడ్డం పెట్టారు. పగిలిన చక్రాలు, పాత తలుపు, విరిగిన కాలు. శాసనం ప్రకారం ఏదీ లోపలికి రాకూడదు. కబురంది వచ్చిన రాజు బండిని చూశాడు, బొబ్బలెక్కిన కూతురి చేతులు చూశాడు, కొడుకు కాలికున్న కట్టు చూశాడు. రాక్షసుడికి ఉన్నపాటి దయ తన రాతలో లేకపోయిందని దిమ్మెరపోయాడు. ఉలి తెప్పించి, అందరూ చూస్తుండగా ద్వారం మీది ఆ అక్షరాలను తానే చెక్కిపారేశాడు.

తరువాత ఊరూరి నుంచి పెద్దలనూ పనివాళ్ళనూ పిలిపించి సభ చేశారు. వస్తువు చేసినవాళ్ళే దాన్ని బాగుచేయాలి. బాగుకానిదాన్ని కరిగించో విప్పో మరొకటి చేయాలి. ప్రతి ఊరికీ ఒక మరమ్మతుశాల ఉండాలి. ఈ ఏర్పాటంతా వకుళకు అప్పగించారు. మొదట్లో జనం సణిగారు. అతుకుల దుప్పటి కప్పుకోవడానికి సిగ్గుపడ్డారు. చలికాలం రాగానే సిగ్గు మానేశారు.

బళ్ళు లోయలోకి వెళ్ళి నిండుగా తిరిగొచ్చేవి. శకలుడు నానాటికీ చిక్కిపోతూ, “ఆ గంగాళం కూడా పట్టుకుపోండి నాయనా, పెళ్ళిళ్ళకు పనికొస్తుంది,” అని పిలిచి మరీ ఇచ్చేవాడు. చివరి బండి కదిలేసరికి అక్కడ రాక్షసుడు లేడు. ఇన్నేళ్ళూ చెత్త కింద ఊపిరాడక పడివున్న సెలయేరు ఒకటి గలగలమని పైకొచ్చింది.

వకుళ ఆ రాజ్యాన్ని చిరకాలం ఏలింది. సుదంతుడు కాస్త కుంటుతూనే రోజూ లోయకు వెళ్ళి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, వాటినే ‘శకలుడా’ అని పిలిచి, ఊళ్ళో కబుర్లన్నీ చెప్పి వచ్చేవాడు.