ఒక్క రోజులో ఏడు యుద్ధస్థలాలు

"సైనికుల సమాధుల దగ్గర పన్నెండు నిమిషాలా? అక్కడేమైనా ఫోటోకాపీ తీసుకునే పనా మేడమ్?"

కొత్త గైడు చేరి మూడు రోజులు కాలేదు, అప్పుడే ఆమె టైమ్‌టేబుల్ మీద వేలు పెట్టాడు. ఆ వేలికి టీ అంటుకుని ఉంది. "శ్మశానం, 11.40 నుంచి 11.52" అన్న గడి మీద గుండ్రంగా మరక పడింది.

ఆమె ముందు మరకని చూసింది, తర్వాత మనిషిని చూసింది. రెండింటికీ పెద్ద తేడా కనపడలేదు.

"పదే వేశాను. మీరు మాట్లాడకుండా ఉండలేరని తెలిశాక ఇంకో రెండు కలిపాను" అంది.

టైలరు షాపు మీద రెండో అంతస్తులో ఆ ట్రావెల్స్ ఆఫీసు. కిటికీ పక్క టేబులు ఆమెది. ఏ బస్సు ఎన్నింటికి కదలాలో, ఎవరు ఎక్కడ ఎంతసేపు దిగాలో రాసే పని ఆమెది. ఆఫీసులో అందరూ చాటుగా "గడియారం" అంటారు. ఆమెకి తెలుసు, తెలిసీ లోలోపల మురిసిపోతుంది. ఆమె గీసిన టైమ్‌టేబుల్లో ఒక్క గడి ఖాళీగా ఉండదు. ఖాళీ గడి కనిపిస్తే ఆమెకి అన్నం సయించదు.

ఇక ఇతగాడికి మూడు రోజుల్లోనే "ఉపన్యాసం" అని పేరొచ్చింది. ఐదేళ్ళు బడిలో చరిత్ర చెప్పాడు. పిల్లలు నిద్రపోతున్నారని మానేసి, బస్సులో అయితే కుదుపులకైనా మేలుకుంటారని ఇక్కడ చేరాడు. ఆశకి హద్దుండాలి కదా!

గొడవంతా కొత్త ట్రిప్పు గురించి. పొద్దున ఏడింటికి నగరంలో బయలుదేరి, పాత యుద్ధం జరిగిన చోట్లన్నీ చూపించి, సాయంత్రం ఏడింటికి దింపెయ్యాలి. సముద్రపు ఒడ్డున ఫిరంగుల స్థావరం, సొరంగంలో ఆసుపత్రి, శ్మశానం, కూలిన వంతెన, విమానాల మైదానం, మ్యూజియం, స్మారక స్తంభం. ఏడింటినీ ఆమె పన్నెండు గంటల్లో ఇరికించింది. ఇది నడిచిందంటే ప్లానింగ్ హెడ్ కుర్చీ నీదేనని ఓనరు మాటిచ్చాడు. రెండేళ్ళుగా ఆ కుర్చీ కోసం ఆమె పడిగాపులు పడుతోంది.

"ఏడెందుకండీ? మొదటి మూడూ చాలు" అన్నాడు ఉపన్యాసం. "మనం తీసుకెళ్ళేది మనుషుల్ని. పార్సిళ్ళని కాదు."

"పార్సిళ్ళే నయం. పాఠాలు చెప్పవు."

"వచ్చేదంతా రిటైరైనవాళ్ళు. వాళ్ళ నడక మీకేం తెలుసు?"

"ప్రతిచోటా నేనే నడిచి చూశాను. నా టైముని ఒకటిన్నరతో హెచ్చించాను. పెద్దవాళ్ళంటే ఒకటిన్నర రెట్లు. అంతే."

అతను పగలబడి నవ్వాడు. "మా నాయనమ్మకి ఎనభై ఆరు. ఆదివారం ట్రయల్‌కి తీసుకొస్తాను. మీ ఒకటిన్నర సంగతి ఆవిడ మోకాళ్ళకి చెప్పండి."

"తీసుకురండి. ఆవిడతోపాటు కాస్త సిగ్గు కూడా తెచ్చుకోండి, ఓడిపోయాక పనికొస్తుంది."

ఓనరుకి ఈ గోల తలనొప్పి అయిపోయింది. ఆదివారం ఎవరి ప్లాను నెగ్గితే అదే కరపత్రంలో అచ్చుకి వెళ్తుందని తేల్చేశాడు.

ఆదివారం వ్యానులో డ్రైవరు కాక ముగ్గురే. నాయనమ్మ తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, చేతికర్రని గొడుగులా చంకలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

ఫిరంగుల దగ్గర ముప్పై నిమిషాలు రాసి ఉంది. ఆవిడ పంతొమ్మిది నిమిషాలకల్లా తిరిగొచ్చేసింది.

"ఇంతేనా? గోడలూ, గోడలకి కన్నాలూ. పదండి" అంది.

గడియారం మొహం వెలిగిపోయింది. "మోకాళ్ళు బాగానే ఉన్నట్టున్నాయే?" అని అతని చెవిలో పడేలా గొణిగింది. అతను మూతి ముడుచుకున్నాడు.

సొరంగంలో అతను గొంతు సవరించుకుని ఆనాటి డాక్టర్ల త్యాగం గురించి మొదలుపెట్టాడో లేదో, "ఒరేయ్, చీకట్లో నిలబెట్టి పాఠాలేంట్రా! దోమలు పీకుతున్నాయి, నడు" అని నాయనమ్మ కర్రతో అదిలించింది. గడియారానికి ఆవిడ కాళ్ళకి మొక్కాలనిపించింది. రెండు చోట్లు అయ్యేసరికి ఇరవై రెండు నిమిషాలు మిగిలాయి. కుర్చీ వచ్చి ఒళ్ళో కూర్చున్నట్టే అనిపించింది.

శ్మశానంలో చినుకులు మొదలయ్యాయి. కోసిన గడ్డిలో తెల్లరాళ్ళు వరసగా ఉన్నాయి. చాలావాటి మీద పేర్లు, వయసులు. చివరి వరసల్లో మాత్రం "పేరు తెలియని సైనికుడు" అని చెక్కి ఉంది.

నాయనమ్మ పేర్లున్న రాళ్ళన్నీ చకచకా దాటేసింది. మొదటి పేరులేని రాయి దగ్గర ఆగింది. దాని మీద అరచెయ్యి ఆనించింది. కాసేపయ్యాక పక్క రాయి దగ్గరికి జరిగి, దాని మీదా చెయ్యి పెట్టింది.

"ఏంటి బామ్మగారూ?" అంది గడియారం, గొడుగు పట్టుకుని వెనకే వెళ్ళి.

"మా అన్న అమ్మాయ్. యుద్ధానికి వెళ్ళేటప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. నాకు జడ వాడే వేసేవాడు. మా అమ్మకంటే బిగువుగా వేసేవాడు. మళ్ళీ రాలేదు. ఎక్కడ పోయాడో కబురూ రాలేదు. ఇన్నేళ్ళూ ఎక్కడికెళ్ళి ఏడవాలో తెలియలేదు నాకు." ఇంకో రాయి తడిమింది. "వీళ్ళలో ఎవరైనా వాడే కావచ్చు కదా? ఒక్కణ్ణి వదిలేసి వెళ్తే, వాడే అయితే?"

పేరులేని రాళ్ళు నలభై ఒకటి. గడియారం వాటిని లెక్కపెట్టింది, అలవాటు కదా. అదే సమయానికి చేతిలో స్టాప్‌వాచ్ కీచుమంది. పన్నెండు నిమిషాలు అయిపోయాయి.

ఆమె దాని నోరు నొక్కి సంచిలో పడేసింది. ముసలావిడ మోచెయ్యి పట్టుకుని తర్వాతి రాయి దగ్గరికి నడిపించింది. గడియారం కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

గంటా యాభై నిమిషాలు పట్టింది. ఉపన్యాసం పాఠాలు మానేసి, ఆవిడ చేతికర్ర పట్టుకుని వెనకే నడిచాడు.

నాయనమ్మ వ్యానెక్కి కళ్ళు మూసుకున్నాక, ఇద్దరూ గేటు దగ్గర రేకు కింద నిలబడ్డారు.

"కావాలనే తీసుకొచ్చారు కదా? నన్ను ఓడించడానికి?"

"లేదండీ. ఆవిడకో అన్నయ్య ఉన్నాడనే నాకు తెలియదు. ఇంట్లో ఎప్పుడూ ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు."

"ఎత్తలేదా? మీరు అడగలేదా?" ఆమెకి నిజంగానే ఒళ్ళు మండింది. "ఏ రాజు ఏ రోజు తుమ్మాడో చెప్తారు! ఇంట్లో మనిషిని ఒక్కసారి కూర్చోబెట్టి అడిగిన పాపాన పోలేదు. మీరు నాకు చరిత్ర చెప్తారా?"

అతని తల వాలిపోయింది. "నిజమే. ఐదేళ్ళు ఊళ్ళోవాళ్ళ పిల్లలకి చెప్పాను. ఈవిడ పక్కగదిలోనే ఉంది."

అంత సులభంగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. తిట్టడానికి దాచుకున్న మాటలు ఇంకా బోలెడు మిగిలిపోయాయి. "నేనూ తక్కువేం తినలేదు లెండి" అంది గొంతు తగ్గించి. "ఆవిణ్ణి ఒకటిన్నరతో హెచ్చించాను."

అతను తలెత్తి చూశాడు. ఆ చూపు నాలుగు సెకన్లకంటే ఎక్కువే ఉంది. సరిగ్గా ఎంతో చెప్పడానికి స్టాప్‌వాచ్ సంచిలో ఉండిపోయింది.

సోమవారం ఓనరు ఆమె రాసిచ్చిన కొత్త టైమ్‌టేబుల్ చూసి కళ్ళద్దాలు తీశాడు. "మూడేనా? మిగతా నాలుగూ ఏమయ్యాయి? ఈ ఉపన్యాసం నీ బుర్ర కూడా తినేశాడా?"

"ఆయనకంత సీను లేదండీ. మూడే చాలని నేనే అంటున్నాను. శ్మశానం దగ్గర రెండు గంటలు."

"కుర్చీ వద్దన్నమాట."

రెండేళ్ళ పడిగాపులు! "కావాలి" అంది. "కానీ పన్నెండు నిమిషాలని నా చేత్తో మళ్ళీ రాయలేను."

ఓనరు చాలాసేపు గొణుక్కున్నాడు. మూడు చోట్లతోనే ఒక నెల నడిపి చూడమన్నాడు. కుర్చీ సంగతి ఎత్తలేదు. దాన్ని బుధవారం తన మేనల్లుడికిచ్చాడు. ఆ మహానుభావుడికి మ్యాపులో పైనేదో కిందేదో తెలియదు.

ఆ సాయంత్రం ఉపన్యాసం ఆమె టేబులు ముందు నిలబడ్డాడు. ఈసారి వేళ్ళు శుభ్రంగా కడుక్కొచ్చాడు.

"నావల్ల మీ కుర్చీ పోయింది."

"మీవల్లా? మిమ్మల్ని మీరు మరీ ఎక్కువ అంచనా వేసుకోకండి. మీ నాయనమ్మవల్ల పోయింది. ఆవిడకైతే ఇంకో పది కుర్చీలు ఇస్తాను."

"నాయనమ్మ ఆదివారం మిమ్మల్ని భోజనానికి రమ్మంది. వాళ్ళన్నయ్య గురించి రోజూ చెప్తోంది, నేను రాసుకుంటున్నాను. మీకూ చెప్పాలట." ఒక్క క్షణం తటపటాయించాడు. "ఇంకో మాట కూడా అంది. 'ఆ పిల్ల నిన్ను తిడుతుంటే నా చెవులకి హాయిగా ఉందిరా. ఇంటికి తెచ్చుకున్నావంటే నాకు ఆ శ్రమ తప్పుతుంది' అంది."

"మరి మీరేమన్నారు?"

"నాకు మీరంటే ఇష్టమని చెప్పాను. ఉపన్యాసం లేకుండా, ఒక్క ముక్కలో."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఒక్క ముక్కలోనా! ఎవరు నమ్ముతారు?" అంటూ డైరీ తీసి, స్కేలు పెట్టి గడులు గీసింది. ఆదివారం. నాయనమ్మగారి ఇల్లు. చేరే సమయం, 12.30. పక్కన "తిరిగి బయలుదేరే సమయం" అని రాసి పెన్ను ఆపింది.

అతను వంగి చూశాడు. "ఇక్కడేమీ రాయలేదేం?"

"కనపడుతోందిగా" అని విసుక్కుని, ఆ గడిని అలాగే వదిలేసి డైరీ మూసేసింది.