రెండు ఈలలు

"కిటికీ ఇంకొంచెం తెరువు. వెలుతురు చాలడం లేదు," అన్నాడు టైలరు, కుట్టుమిషను మీదికి వంగి సూదిలోకి దారం ఎక్కించబోతూ.

"బార్లా తెరిచే ఉంది. ఇంకేం చెయ్యమంటారు, సూర్యుణ్ణి లోపలికి పిలిచి కుర్చీ వెయ్యమంటారా?" అంటూ ఆయన భార్య వచ్చి, దారం కొన తడిచేసి, ఒక్క విసురులో ఎక్కించి వెళ్ళిపోయింది.

నేల మీద కూర్చుని చీలమండకు ఐసు సంచి అదుముకుంటున్న కూతురు నవ్వలేదు. మామూలుగా అయితే అమ్మ మాటలకి ముందు నవ్వేది ఆమే. దేశం ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ అయినా, వయసు ముప్ఫై దాటినా, ఆ ఇంట్లో ఆమె ఇప్పటికీ బొంగరమే. చిన్నప్పుడు కాలు ఒకచోట నిలవకుండా ఇల్లంతా తిరుగుతుంటే తండ్రి పెట్టిన పేరు.

"నాన్నా," అంది ఐసు సంచి కేసే చూస్తూ. "ఆదివారం మ్యాచ్‌కి నువ్వు రావద్దు."

మిషను చక్రం మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఏం? టికెట్లు దొరకలేదా?"

"దొరికాయి. అమ్మ వస్తుంది. నువ్వే వద్దు."

ఆయన చొక్కా తగిలించుకుని, టీ కూడా ముట్టకుండా వీధి చివర ఉన్న తన కొట్టుకు వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల కాలికి బంతి అలవాటు చేసింది ఆయనే. కొట్టు వెనక ఖాళీ జాగాలో మగపిల్లలతో ఆడుతుంటే, చేతిలో కత్తెర పక్కన పెట్టి వచ్చి చూసేవాడు. మైదానం మధ్యలో ఆడేవాళ్ళకి బంతి ముందునుంచి వస్తే, దాన్ని లాక్కునే మనిషి వెనకనుంచి వస్తుంది. అది గమనించి ఆయన నోట్లో వేళ్ళు పెట్టి ఈల వెయ్యడం మొదలుపెట్టాడు. ఒక ఈలంటే, వెనక మనిషి ఉంది, బంతి వచ్చింది వచ్చినట్టే పక్కవాళ్ళకి ఇచ్చెయ్. రెండు ఈలలంటే, ఎవరూ లేరు, ధైర్యంగా తిరుగు.

బడి జట్టునుంచి నగరం జట్టుకి, అక్కణ్ణుంచి దేశం జట్టుకి ఎదిగింది ఆమె. పేరున్న కోచ్‌లు ఎంతో నేర్పారు. స్టేడియం ఎంత పెద్దదైనా ఆయన మాత్రం కింది వరుసలో కటకటాలు పట్టుకుని నిలబడి అదే ఈల వేసేవాడు. ఎంత గోలలోనైనా అది ఆమె చెవిన పడేది. "మనం పదకొండు మందిమి కాదు, మీ నాన్నతో కలిపి పన్నెండు," అని జట్టులో అమ్మాయిలు ఏడిపించేవాళ్ళు.

అలాంటిది, పోయిన మ్యాచ్ ఆఖర్లో కెప్టెన్ బంతి అందుకుని తిరగబోయి పోగొట్టుకుంది. అవతలి అమ్మాయి దాన్ని ఎత్తుకుపోయి గోల్ కొట్టింది. పేపర్లన్నీ కెప్టెన్‌ని ఉతికి ఆరేశాయి. ఈ ఆదివారం కూడా ఓడితే జట్టు పోటీ నుంచి బయటికే.

కొట్టులో ప్యాంటు కోసం వచ్చిన లావుపాటి గుమస్తా ఊరుకోలేదు. "ఏం టైలరు గారూ, మీ అమ్మాయి ఆడుతోంది మనకా, వాళ్ళకా?"

ఇంకో రోజైతే, "ఏటేటా మీ నడుంతో పాటు నోరూ పెరుగుతోందండీ, దాన్ని మాత్రం నేను కుదించలేను," అని తిప్పికొట్టేవాడే. ఈ రోజు ప్యాంటు మడిచి చేతిలో పెట్టి ఊరుకున్నాడు. నువ్వే వద్దు. ఆ మాట గుండెలో ముల్లులా దిగి కూర్చుంది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చి, కూతురి పక్కన పీట మీద కూర్చున్నాడే గాని చెయ్యి కడుక్కోలేదు.

"పేరొచ్చింది కదా. టీవీలో కనబడతావు కదా. నోట్లో వేళ్ళు పెట్టుకునే నాన్న నామోషీ అయిపోయాడు. అంతేనా?"

"ఏమండీ, ముందు తినండి," అంది భార్య.

"నువ్వుండు. దాన్ని చెప్పనీ. నేను మోటువాణ్ణి, నా ఈల మోటు. ఇన్నేళ్ళు పనికొచ్చిన ఈల ఇప్పుడు చేదైపోయిందా?"

కూతురు గ్లాసు కింద పెట్టింది. "ఆ రోజు ఎన్ని ఈలలు వేశావు నాన్నా?"

"రెండు. ఖాళీగా ఉంది కాబట్టి రెండు వేశాను."

"ఖాళీగా లేదు. ఆ అమ్మాయి నా వీపుకి ఆనుకునే ఉంది."

"ఎవరూ లేరు! నా కళ్ళతో నేను చూశాను!"

ఆయన భార్య వైపు తిరిగాడు, అవునని అంటుందేమో అని. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"మొన్న లాయరు గారి కోటు ఉంది చూశారూ," అంది మెల్లగా. "అన్నీ నల్ల బొత్తాలు కుట్టి, ఒకటి మాత్రం నీలంది కుట్టారు. మీరు నిద్రపోయాక నేనే విప్పి మార్చాను. అదొక్కటే కాదు. చాలా మార్చానండీ."

ఆయన చేతులు చాపి, మొహానికి దగ్గరగా తెచ్చుకుని, ఎవరివో చేతుల్లా చూసుకున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అని అడిగాడు కూతుర్ని.

"నిరుటినుంచి నీ ఈల కాస్త కాస్త తప్పుతోంది. నేనే వెనక్కి చూసుకుని సర్దుకుంటూ వచ్చాను. ఆ రోజు కూడా చూశాను నాన్నా. నా కళ్ళు ఆ అమ్మాయిని చూశాయి. కాళ్ళు నీ మాట విన్నాయి."

"మరి పేపరువాళ్ళకి నీ పొరపాటే అని ఎందుకు చెప్పావే?"

"ఇంకేం చెప్పను? కోచ్ కూడా అడిగారు. ఇంకోసారి ఇలా జరిగితే బెంచీ మీద కూర్చోబెడతానన్నారు. అయినా మా నాన్న తిరగమన్నాడు, తిరిగాను అని ఎట్లా చెప్పను?"

టైలరుకి కళ్ళు నిండిపోయాయి. పేపర్లు తిట్టిన తిట్లన్నీ పిల్ల తన మీద వేసుకుని, ఇంటికొచ్చి మళ్ళీ ఈ తండ్రి పక్కనే కూర్చుని తిన్నది. గుమస్తా అడిగిన ప్రశ్నకి జవాబు ఇప్పుడు తెలిసింది. ఆమె ఆడింది తండ్రి కోసం.

"రానులే. ఇంట్లోనే ఉంటాను," అన్నాడు.

కూతురు జరిగి ఆయన మోకాలికి తల ఆనించింది. "నిన్ను ఎందుకు రావద్దన్నానో తెలుసా? వస్తే నువ్వు ఈల వెయ్యకుండా ఉండలేవు. వేస్తే నేను వినకుండా ఉండలేను. నాకు చాతకాదు నాన్నా."

ఆయన ఆమె జుట్టు నిమిరాడు. "సోమవారం కంటి డాక్టరు దగ్గరికి పోదాం. ఆదివారం మాత్రం వస్తాను. కటకటాల దగ్గరకి కాదు, పైన మీ అమ్మ పక్కన కూర్చుంటాను."

"పెళ్ళయ్యాక ఇన్నాళ్ళకి నా పక్కన కూర్చుంటారట," అంది భార్య, ఏడుస్తూనే నవ్వి. "ముందు చెయ్యి కడుక్కోండి."

ఆదివారం స్టేడియంలో, ఆట మొదలవగానే ఆయన రెండు చేతులూ భార్య ఒళ్ళో పెట్టాడు. "గట్టిగా పట్టుకో. ఏమైనా సరే వదలకు."

ఆమెకి ఆట సంగతులు తెలియవు. కనబడింది కనబడ్డట్టు చెప్పుకుపోయింది. "ఎర్ర చొక్కా అమ్మాయి పడింది... లేచింది. కోచ్ ఎవరినో తిడుతున్నారు. అబ్బ, ఆ పొడుగు పిల్ల మోచేత్తో పొడిచిందండీ, చూసేవాడే లేడు!"

"మన పిల్లేది?"

"మధ్యలోనే ఉంది. దానికే వస్తోంది బంతి."

భార్య చేతుల్లో ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. "వెనక?"

"ఆ పొడుగు పిల్లే వస్తోంది."

"చూసుకుందా? వెనక్కి చూసుకుందా?"

"ఉండండీ... ఆ, చూసుకుంది. ఇటు చూసింది, అటు చూసింది. బంతిని ఆపనే లేదు, పక్క అమ్మాయికి తోసేసింది!"

బంతి ముందుకు దూసుకుపోతుంటే చుట్టూ జనం లేచి నిలబడ్డారు. ఆమె కూడా తనకి తెలియకుండానే ఆయన చేతులు వదిలేసి చప్పట్లు కొట్టసాగింది. టైలరు చేతులు నోటిదాకా పోలేదు. చెంపల మీద తడి తుడుచుకుని, అందరికన్నా ఒక క్షణం ఆలస్యంగా, ఆయన కూడా చప్పట్లు మొదలుపెట్టాడు. చుట్టూ అందరూ కూర్చున్నాక కూడా కొడుతూనే ఉన్నాడు.