వాసన లేని సీసా

ఆ రోజు కూడా పాలు అడుగంటాయి. తల్లి పొయ్యి ముందే నిలబడి ఉంది. కళ్ళు కిటికీ మీద ఉన్నాయి.

"ఏమిటోయ్, పాలు మాడి వీధంతా గుప్పుమంటుంటే విగ్రహంలా నిలబడ్డావ్?" అన్నాడు భర్త పేపరు మడుస్తూ.

"ఏదో ఆలోచన," అని ఆమె స్టవ్ కట్టేసింది.

ఆలోచనా లేదు, పాడూ లేదు. చలికాలంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ వాసనను కూడా వెంట తీసుకుపోయింది. ఆ వెనకే కోపం, సంతోషం కూడా పల్చబడ్డాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే పొయ్యి దగ్గరికి రానివ్వరు. ఆ ఒక్క పనీ పోతే పొద్దున్నే లేవడం ఎందుకు?

కూతురు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది, గ్యాస్ కంపెనీతో కలిసి. పైపుల్లో వచ్చే సహజవాయువుకు సొంత వాసన ఉండదు. లీకైతే తెలియాలని కంపెనీ ఘాటు వాసన కలుపుతుంది. ఎంత కలిపితే మనుషుల ముక్కు పట్టగలదో తేల్చడం ఇద్దరి ఉమ్మడి పని. గ్యాసు వాళ్ళది, ముక్కుల లెక్క వీళ్ళది.

"అమ్మా, ఇవాళ ట్రయల్‌కి ఒక మనిషి తక్కువైంది. రావా?"

"నేనెందుకే, పక్కింటావిడని అడుగు."

"ఆవిడా వస్తోంది. నేను దొంగతనంగా చాక్లెట్ తిని నోరు కడుక్కున్నా పట్టేసేదానివి, నీకంటే మంచి ముక్కు ఎక్కడ దొరుకుతుంది?"

తప్పించుకోవడానికి సాకు దొరకలేదు.

తెల్లటి గదిలో అందరికీ ఒకేసారి సీసాలు ఇచ్చారు. వాసన తగిలితే చెయ్యెత్తాలి. తల్లి ఒక ఉపాయం కనిపెట్టింది. పక్కింటావిడ ఎత్తినప్పుడల్లా తనూ ఎత్తింది. మూడు సీసాలు అలాగే గట్టెక్కాయి. నాలుగోదానికి పక్కింటావిడ చెయ్యి లేచింది. తల్లి చెయ్యీ లేచింది. ఆవిడ తలలో పిన్ను సర్దుకుని చెయ్యి దించేసింది. తల్లి చెయ్యొక్కటే గాల్లో మిగిలింది.

"అందులో ఏమీ లేదండీ," అన్నాడు కంపెనీ ఇంజనీరు నెమ్మదిగా. "ఊరికే ఖాళీది పెట్టాం."

కూతురు రాయడం ఆపి తల్లినే చూసింది.

ఇంటికొచ్చాక చెప్పులైనా విప్పకుండా అడిగింది. "ఎన్నాళ్ళయిందమ్మా?"

"చలికాలం నుంచి."

"గ్యాస్ లీకైతే? ఊళ్ళో వాళ్ళ ముక్కులన్నీ లెక్కపెడుతున్నాను, మా అమ్మది తప్ప!"

"అందుకా నాకు రోజూ మాడు పాలు!" అన్నాడు ఆయన. "రేపట్నుంచి పొయ్యి ముట్టుకోకు. వంట నేను చూసుకుంటా."

"నీళ్ళు కాచడం వచ్చా మీకు?" ఆమె గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "తీసుకోండి పొయ్యి. నన్ను ఎక్కడ కూర్చోబెడతారో అదీ మీరే చెప్పండి."

కూతురు కాసేపటికి ఇంజనీరుకు ఫోన్ చేసింది.

"మనం మంచి ముక్కుల కోసమే వెతుకుతున్నాం. వాసన రానివాళ్ళ ఇళ్ళకు పైపు వెళ్ళదా? గ్యాస్‌ని పసిగట్టే సెన్సర్ మా ల్యాబ్‌లో ఉంది. దానంతటదే మూసుకునే వాల్వ్ మీ దగ్గరుంది. ఎవరిది వాళ్ళు అలమారలో పెట్టుకు కూర్చున్నాం. రెండూ కలిపి చూద్దాం."

కలపడానికి కొన్ని నెలలు పట్టింది. అన్నాళ్ళూ ఆమె వంట చేసేటప్పుడు ఆయన పక్కనే నిలబడ్డాడు. గోల చేస్తూనే ఉల్లిపాయలు తరగడం నేర్చుకున్నాడు.

ల్యాబ్‌లో పరీక్షలన్నీ దాటాక మొదటిది వీళ్ళ వంటింట్లోనే బిగించారు. ఈ గ్యాస్ పైకి తేలుతుందని సెన్సర్‌ని పైకప్పు దగ్గర పెట్టారు. ఇంజనీరు చిన్న డబ్బాలోంచి కాస్త వాయువు వదలగానే అది కీచుమంది, పైపు మీద వాల్వ్ టక్కున మూసుకుంది.

"ఇక నీ పొయ్యి నీదే," అంటూ కూతురు స్టూలు దిగి తల్లి భుజం మీద తల వాల్చింది. తల్లి అలవాటుగా ఆ జుట్టులో ముఖం పెట్టింది. ఏమీ తగల్లేదు.

"నీ తల వాసన కూడా రావట్లేదే నాకు," అంది. అంటుండగానే కళ్ళలోంచి నీళ్ళు జారాయి.

"ఏడవకమ్మా."

"ఏడవనీవే," అంది తల్లి, కూతుర్ని ఇంకా దగ్గరికి లాక్కుంటూ. "చలికాలం నుంచి రాని ఏడుపు ఇప్పటికి వచ్చింది."