రెండుసార్లు నొక్కితే లేచి రావాలి

ఇంతవరకు నోటితో ఎవరికీ చెప్పని మాట ఇది. ఆరోజు నార్పోలి దవాఖానలో డాక్టరమ్మకు నా బాధ చెప్పింది కళక్క. అప్పటికి కళక్క చచ్చిపోయి నెల దాటింది.

భివండీకి వచ్చి ఏడాదైనా నాకు మరాఠీ ఒక్క ముక్క రాదు. హిందీ వింటే కొంచెం అర్థమైతది. మా ఆయనకూ అంతే, కోరుట్ల దిక్కు నుంచి ఇద్దరం కలిసే వచ్చినం. శాంతి నగర్‌లో మా గల్లీ ఆడోళ్ళకు ఏ జబ్బు చేసినా పక్కింటి కళక్కే దవాఖానకు తీసుకపోయేది. మన ఎడమ పక్కన నిలబడి, మణికట్టు పట్టుకొని, మన బాధంతా తనే మరాఠీలో చెప్పేది. మనం మాట్లాడే పనే లేదు. బట్ట నేసే సాంచాల మోతలో బతికేటోళ్ళం, చేతి గుర్తులు మాకు అలవాటే. ఒకసారి నొక్కితే డాక్టరమ్మకు చూపెట్టేందుకు నోరు తెరవాలి. రెండుసార్లు నొక్కితే లేచి రావాలి.

"మీ కడుపులల్ల ఏమున్నదో మీ మొగోళ్ళకన్న నాకే ఎరుక" అని నవ్వేది.

అందరి రోగాలు చెప్పిన మనిషి, తన రొమ్ములో గడ్డ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆఖరి స్నానం పోసేటప్పుడే మాకు తెలిసింది.

నాకు ఆరో నెల. పొత్తికడుపులో నొప్పి మొదలైంది. షిఫ్టు పోతదని మా ఆయన రాలేదు. మధ్యాహ్నం పూట ఒక్కదాన్నే పోయి బల్ల మీద కూర్చున్న. ఫినాయిల్ వాసన. గోడ అవతల సాంచాల అదురు బల్లలోంచి నా ఎముకల్లోకి ఎక్కుతోంది. నొప్పిని హిందీలో ఎట్ల చెప్పాలో కూడబలుక్కుంటూ, లోపల లోపలే అన్న... కళక్కా, నువ్వుంటే మంచిగుండేది.

నా వంతు వచ్చింది. డాక్టరమ్మ ముందు కూర్చున్ననో లేదో కరెంటు పోయింది. గల్లీ గల్లీలో సాంచాలన్నీ ఒక్కసారే ఆగినయి. చెవులు దిబ్బడేసినట్టు నిశ్శబ్దం.

గంజి వాసన వచ్చింది. తడి నూలు. మిషన్ నూనె. కళక్క చీర వాసన.

ఎడమ మణికట్టు మీద వేళ్ళు... చల్లగ.

ఒకసారి నొక్కినయి.

అలవాటుగా నోరు తెరిచిన. డాక్టరమ్మ నా నోటి దిక్కు చూడలేదు. నా ఎడమ భుజం మీదుగా చూస్తూ తల ఊపుతోంది. నా చెవి పక్కన మరాఠీలో గుసగుస. తల తిప్పే ధైర్యం లేదు.

"ఈ గడ్డ ఎన్నాళ్ళ నుంచి ఉంది?" డాక్టరమ్మ హిందీలో అడిగింది.

గడ్డ కాదు, కడుపు... అనబోయిన. వేళ్ళు బిగిసినయి. సిస్టరు నా రవిక మీద చెయ్యి పెట్టి, ఒకచోట ఆగింది. పొద్దున స్నానం చేసినప్పుడు అక్కడ ఏమీ లేదు.

థానేలో పెద్ద దవాఖానకు వెంటనే పొమ్మన్నరు. కడుపు సంగతి ఎవరూ అడగలేదు. నేను బయటికి వచ్చినంక కూడా సిస్టరు తలుపు పట్టుకొనే నిలబడింది... నా వెనక ఇంకెవరో రావాలన్నట్టు.

మా ఆయనకు చెప్పాలని రోజూ కూర్చుంట. వేరే మాటలన్నీ తెలుగులోనే వస్తయి. ఈ ఒక్క సంగతి ఎత్తితే మరాఠీ వస్తది. గడగడా. ఏమంటున్ననో నాకే తెల్వది.

"మస్తు నేర్చినవ్ గదనే. ఇగ నన్ను దవాఖానకు నువ్వే తోలుకపో" అని నవ్విండు ఆయన.

ఆయనకు చదువు రాదు, రాసి చూపెడుదామంటే. థానేకు ఒక్కదాన్నే పోలేను. గడ్డ పెరుగుతోంది. నిన్నటి నుంచి బిడ్డ కదలడం తగ్గింది.

కళక్క బిడ్డ శ్రద్ధ కల్యాణ్‌లో ఉంటది. మరాఠీ బడిలో చదివింది. నా నోట్లోంచి వచ్చేదేందో ఆమెకు తెలుస్తది. వాళ్ళమ్మ గొంతు గుర్తుపడుతదేమోనని ఇన్ని రోజులు ఆగిన.

ఇది రాస్తుంటే గంజి వాసన వస్తోంది. బయట సాంచాలు ఆగలేదు, అయినా ఏమీ వినపడుతలేదు.

మణికట్టు మీద వేళ్ళు.

రెండుసార్లు నొక్కినయి.

నేను లేవను. ముందు శ్రద్ధకు ఫోన్ చేస్త.