రెండు చూపుడువేళ్ళు

ఉదయం తొమ్మిదింబావుకి నీటి సరఫరా కేంద్రంలో ఒక ప్రోగ్రామర్ తన టెర్మినల్ ముందు కాఫీ తాగుతూ, కప్పు కింద పెట్టకుండానే ప్రాణం వదిలాడు. పదకొండుకి ఆ ఫైలు చీఫ్ బల్ల మీదికి వచ్చింది.

"పాతికా, కూర్చో," అన్నాడు చీఫ్. ఏజెంట్ నంబర్ ఇరవై ఐదుకి డిపార్టుమెంటులో అదే పేరు. "పోయింది మీ బావ."

పాతిక కూర్చోలేదు.

"సరిహద్దు అవతలి ముఠా పని. ఆయన మెషిన్‌లోంచి క్లోరిన్ వాల్వు ప్రోగ్రామ్‌లో ఒక లైన్ మార్చారు. పన్నెండుకి అది అమల్లోకొస్తే ఊళ్ళో ప్రతి కుళాయిలోనూ విషమే. సరిచెయ్యాలంటే ఆయన ప్రోగ్రాములు రాసే ఎడిటర్ సాఫ్ట్‌వేర్ తెలిసినవాడు కావాలి."

"అక్కకి చెప్పారా?"

"నువ్వే చెప్పాలి. పన్నెండు దాటాక."

అక్క ఇంట్లోనూ అవే నీళ్ళు.

బావ ఎడిటర్ ఒక వింత. నల్ల స్క్రీను, మౌస్‌తో పనిలేదు. పదిహేనేళ్ళుగా ఒక్కో మీటనూ తన చేతికి తగ్గట్టు మార్చుకున్నాడు. రాయడం ముగించాలంటే అందరూ ఎడమ మూలనున్న ఎస్కేప్ నొక్కుతారు. బావకి ఎడమచేతి చిటికెనవేలు లేదు. అందుకని చూపుడువేళ్ళ కిందుండే జె, ఎఫ్ వెంటవెంటనే కొడితే ఆ పని జరిగేట్టు పెట్టుకుని, చంటిపిల్లాడిలా మురిసిపోయేవాడు. పాతిక ఎగతాళి చేసేవాడు. ఇప్పుడది గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది.

పదకొండున్నరకి కీబోర్డు మెకానిక్ వేషంలో, టూల్ బ్యాగుతో కేంద్రంలో అడుగుపెట్టాడు. ఆకుపచ్చ పట్టుచీరలో కన్సల్టెంట్ ఎదురొచ్చింది. ముఠాలో చేరినట్టు నటిస్తూ డిపార్టుమెంటుకి కబుర్లు చేరవేసే మనిషి. మారుపేరు వెల్వెట్.

"మీటలు జిగటగా ఉన్నాయా?" అన్నాడు.

"స్పేస్ బార్ ఒక్కటే." కోడ్ సరిపోయింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఆ మెషిన్ ఎవరు ముట్టుకున్నారు?"

"నాకు తెలీదు. నేనైతే ఆ నల్ల స్క్రీన్ జోలికే పోను. మౌస్ లేకపోతే నాకు చెయ్యి ఆడదు."

"చూసింది చూసినట్టు నాలుగు లైన్లు కొట్టండి. చీఫ్‌కి పంపాలి." బ్యాగులోంచి తన లాప్‌టాప్ తీసి ముందుకి తోశాడు.

ఆమె ఇంగ్లీషులో చకచకా నాలుగు లైన్లు కొట్టింది. చివరి చుక్క పెట్టాక వేళ్ళు ఆగలేదు. జె, ఎఫ్. వెంటనే చెరిపేసింది. పాతిక చూడనే చూశాడు.

"ఎన్నాళ్ళు సాధన చేశావు?" అన్నాడు.

దేని సంగతని ఆమె అడగలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. "నాలుగు నెలలు. ఆయన సెట్టింగ్స్ ఫైల్ కాపీ చేసుకుని ఇంట్లోనే. మరి నాకు దొరికేది రెండు నిమిషాలేగా."

పాతిక అప్పటికే చేతిలోకి తీసుకున్న స్క్రూడ్రైవర్ పిడి నొక్కాడు. దాన్లోంచి దూసుకొచ్చిన మత్తు సూది ఆమె మణికట్టులో దిగింది. "వెళ్ళి సేవ్ చేసుకో," అని నవ్వుతూ ఒరిగిపోయింది.

పదకొండు యాభై ఆరు. బావ కుర్చీ ఇంకా ఆయన ఎత్తుకే ఉంది. మార్చిన లైన్ దొరికింది, సరిచేశాడు. జె, ఎఫ్. సేవ్ చెయ్యడానికి బావ పెట్టుకున్న మీట మీదికి వెళ్ళిన వేలు ఆ నవ్వు గుర్తొచ్చి ఆగింది. ఏ మీట ఏం చెయ్యాలో రాసుండే సెట్టింగ్స్ ఫైల్ తెరిచాడు.

ప్రతి లైన్ పక్కనా బావ కామెంట్. ఇది చిటికెనవేలి బదులు. ఇది కళ్ళు మండినప్పుడు. ఎస్కేప్ కూడా ఉంచాను, బామ్మర్ది వస్తే వాడి పాత అలవాటుకి. పాతికకి స్క్రీన్ మసకబారింది. కళ్ళు తుడుచుకుని చదివాడు. సేవ్ మీట లైన్ ఒక్కదానికే కామెంట్ లేదు. అది నొక్కితే దిద్దిందంతా పోయి ప్రోగ్రామ్ అప్పటికప్పుడే నడుస్తుంది. కామెంట్ లేకుండా లైన్ రాసే మనిషి కాదు బావ.

ఆ మీట వదిలేసి, సేవ్ కమాండ్ పూర్తిగా అక్షరాలతో కొట్టాడు. సెకన్ల ముల్లు పన్నెండుకి రెండు గీతల దూరంలో ఉంది. పన్నెండు దాటింది. వాల్వు కదల్లేదు.

అక్క తలుపు తీసి, అతని మొహం చూసి గుమ్మంలోనే కూలబడింది. అన్నిటికన్నా కష్టమైన పని అదే.

నెల తర్వాత చీఫ్ ఫోన్ చేశాడు. "నీ రిపోర్టు చూశాను. చివర్లో ఆ జె, ఎఫ్ ఏమిటి?"

"బావ సెట్టింగ్స్ నా మెషిన్‌లో పెట్టుకున్నాను సార్."

"ఉంచుకో. కానీ పంపేముందు చెరిపెయ్యి. ఆ రెండక్షరాలకే ఒకావిణ్ణి జైల్లో పెట్టాం."